యూనిట్ - 7 : భారీ వాహనాల డ్రైవింగ్ స్కూలు – ఎంపిక విధానం

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 ప్రవేశిక
7.2 భారీ వాహన లైసెన్సు – అర్హతలు
7.3 కారుకూ లారీకీ ఉన్న తేడా
7.4 డ్రైవింగ్ స్కూలుకు చట్టం విధించిన షరతులు
7.5 స్టీరింగు గంటల లెక్క
7.6 స్కూలుకు వెళ్ళి పరిశీలించవలసిన అంశాలు
7.7 శిక్షణ సంస్థల రకాలు
7.8 మోసాలు – వినియోగదారుడి రక్షణ
7.9 లైసెన్సు వచ్చిన తరువాత
7.10 సారాంశం
7.11 కీలక పదాలు
7.12 మీ ప్రగతిని సమీక్షించుకోండి – నమూనా సమాధానాలు
7.13 నమూనా పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• భారీ వాహన లైసెన్సుకు కావలసిన అర్హతలను పేర్కొనగలరు.
• కారు డ్రైవింగ్ వచ్చినవారికి కూడా లారీ డ్రైవింగ్‌లో విడిగా శిక్షణ ఎందుకు అవసరమో వివరించగలరు.
• డ్రైవింగ్ స్కూలుకు చట్టం విధించిన షరతులను గుర్తించగలరు.
• ఒక స్కూలులో అభ్యర్థికి దక్కే స్టీరింగు గంటలను లెక్కకట్టి, ఫీజులను పోల్చగలరు.
• శిక్షణలో లోపం జరిగినప్పుడు ఎవరిని ఆశ్రయించాలో చెప్పగలరు.

7.1 ప్రవేశిక

దూరవిద్యలో డిగ్రీ చదివేవారిలో చాలామంది ఏదో ఒక పని చేసుకుంటూ చదువుతున్నవారే. చదువుతోపాటు చేతిలో ఒక వృత్తి ఉండాలని కోరుకునేవారికి భారీ వాహనాల డ్రైవింగ్ ఒక మంచి మార్గం. లారీ, టిప్పరు, ట్యాంకరు, బస్సు – వీటిలో ఏది నడపాలన్నా ముందుగా అడిగేది లైసెన్సు. ఆర్టీసీలో డ్రైవరు ఉద్యోగానికైనా, విజయవాడ ఆటోనగర్‌లోని ట్రాన్స్‌పోర్టు కంపెనీలో పనికైనా, గల్ఫ్ దేశాలకు వెళ్ళాలనుకున్నా ఆ ప్రశ్న తప్పదు.

లైసెన్సు కావాలనగానే చాలామంది దగ్గరలో ఉన్న డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళి రెండే ప్రశ్నలు అడుగుతారు. "ఫీజు ఎంత?", "ఎన్నాళ్ళలో వస్తుంది?" ఈ రెండూ అడగవలసినవే. కాని వీటికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: "స్టీరింగు నా చేతికి ఎన్ని గంటలు ఇస్తారు?" మంచి స్కూలునూ మామూలు స్కూలునూ వేరుచేసి చూపేది ఈ ప్రశ్నే. లైసెన్సు అనేది కాగితం. శిక్షణ అనేది చేతికి, కాలికి, కంటికి వచ్చే అలవాటు. పన్నెండు టన్నులు దాటిన బండి రోడ్డు మీదికి వచ్చినప్పుడు దాన్ని ఆపేది ఆ అలవాటే.

స్కూలును ఎంచుకోవటానికి మనం కొత్తగా కొలమానాలను తయారుచేసుకోవలసిన పని లేదు. మోటారు వాహనాల చట్టం, 1988. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 – ఈ రెండూ డ్రైవింగ్ స్కూలు ఎలా ఉండాలో వివరంగా చెప్పాయి. వాటిని తెలుసుకున్న అభ్యర్థిని మభ్యపెట్టటం అంత సులభం కాదు.

7.2 భారీ వాహన లైసెన్సు – అర్హతలు

7.2.1 ఏది భారీ వాహనం?

మోటారు వాహనాల చట్టం వాహనాలను బరువునుబట్టి విభజించింది. సరుకు రవాణా వాహనాల విషయంలో వాహనం, అది మోయగల లోడు రెండూ కలిపిన మొత్తం బరువును లెక్కలోకి తీసుకుంటారు. ఈ బరువు 7,500 కిలోలకు మించకపోతే తేలికపాటి వాహనం, 12,000 కిలోలు దాటితే భారీ సరుకు వాహనం, ఈ రెండింటికీ నడుమ ఉన్నది మధ్యతరహా వాహనం అవుతుంది. మన రోడ్లపై కనిపించే ఆరు టైర్ల రెండు ఇరుసుల లారీకి గరిష్ఠంగా 18.5 టన్నుల వరకు, పది టైర్ల మూడు ఇరుసుల లారీకి 28.5 టన్నుల వరకు 2018లో సవరించిన పరిమితులు అనుమతిస్తున్నాయి.

లైసెన్సుల విషయంలో 1994 సవరణ ఒక మార్పు తెచ్చింది. మధ్యతరహా, భారీ అని విడివిడిగా ఉన్న తరగతులకు బదులు ‘ట్రాన్స్‌పోర్టు వాహనం’ అనే ఒకే తరగతిని పెట్టింది. అయితే తేలికపాటి వాహన లైసెన్సు ఉన్నవారు చిన్న సరుకు వాహనం నడపవచ్చా అనే ప్రశ్న ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది. మొత్తం బరువు 7,500 కిలోలకు మించని ట్రాన్స్‌పోర్టు వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పునిచ్చింది. అంతకు మించిన బరువున్న వాహనాలకు మాత్రం ప్రత్యేక అనుమతి తప్పనిసరి. కాబట్టి మీరు నడపదలచుకున్నది చిన్న డెలివరీ వాహనమా, పెద్ద లారీయా అనేది ముందుగా నిర్ణయించుకోండి. చిన్న వాహనం చాలనుకున్నవారు భారీ వాహన కోర్సుకు డబ్బు కట్టనవసరం లేదు.

7.2.2 వయస్సు, పూర్వ లైసెన్సు, వైద్య ధ్రువపత్రం

ఈ లైసెన్సుకు ప్రధానమైన అర్హతలు ఇవి:

1. వయస్సు: ట్రాన్స్‌పోర్టు వాహనం నడపటానికి 20 సంవత్సరాలు నిండాలి. కారుకు 18 సంవత్సరాలు చాలు.
2. పూర్వ లైసెన్సు: ట్రాన్స్‌పోర్టు వాహనానికి లెర్నర్ లైసెన్సు పొందాలంటే, అప్పటికే తేలికపాటి వాహన లైసెన్సు వచ్చి కనీసం ఒక సంవత్సరం గడిచి ఉండాలి.
3. వైద్య ధ్రువపత్రం: ట్రాన్స్‌పోర్టు వాహనానికి డాక్టరు సంతకంతో ఫారం 1-ఎ సమర్పించాలి. కంటిచూపు, వినికిడి, రంగులను గుర్తించే శక్తి ఇందులో ముఖ్యమైనవి.
4. శిక్షణ ధ్రువపత్రం: డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5. ట్రాన్స్‌పోర్టు వాహన లైసెన్సు దరఖాస్తుకు దీన్ని జతచేయాలి.

గతంలో ట్రాన్స్‌పోర్టు వాహన డ్రైవరుకు ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత తప్పనిసరి. 2019లో ఈ నిబంధనను తొలగించారు. చదువు నిబంధన పోవటంతో శిక్షణ నాణ్యతకు ప్రాధాన్యం మరింత పెరిగింది.

లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. అది చేతికి వచ్చిన 30 రోజుల తరువాతే డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావచ్చు. ఈ వ్యవధిలో బండి నడిపేటప్పుడు లైసెన్సు ఉన్న బోధకుడు పక్కన ఉండాలి, వాహనానికి ముందూ వెనుకా ‘ఎల్’ గుర్తు ఉండాలి. "పది రోజుల్లో భారీ లైసెన్సు" అని ఎవరైనా బోర్డు పెడితే, అది ఈ 30 రోజుల నిబంధనకు ఎలా సరిపోతుందో అడగండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని విడిగా రాసి, యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
18 సంవత్సరాల 6 నెలల వయస్సులో కారు లైసెన్సు పొందిన ఒక విద్యార్థి, ట్రాన్స్‌పోర్టు వాహన లెర్నర్ లైసెన్సుకు ఎప్పుడు అర్హుడవుతాడు?

7.3 కారుకూ లారీకీ ఉన్న తేడా

"కారు నడపటం వచ్చుగా, లారీ దానికి పెద్దన్నే" అని కొందరు అంటుంటారు. ఈ మాట ఎందుకు ప్రమాదకరమో నాలుగు అంశాల్లో చూద్దాం.

(అ) ఆగే దూరం: గంటకు 60 కి.మీ. వేగంతో పోయే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. ప్రమాదాన్ని కంటితో చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోగా ఒక సెకను గడిచినా ఆ 17 మీటర్లు పోయినట్టే. అక్కడి నుంచి బ్రేకు పని మొదలవుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పడిన తరువాత బండి సాగే దూరం దాదాపు నాలుగు రెట్లవుతుంది. లోడు ఉన్న లారీ బ్రేకులు ఇముడ్చుకోవలసిన శక్తి కారుతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ.

(ఆ) గాలి బ్రేకులు: భారీ వాహనాల్లో బ్రేకు గాలి ఒత్తిడితో పనిచేస్తుంది. ఇంజను స్టార్టు చేయగానే బండి కదిలించకూడదు. ట్యాంకులో గాలి తగినంత నిండిందో లేదో మీటరులో చూసుకోవాలి. ఒత్తిడి తగ్గితే హెచ్చరిక మోగుతుంది. కారు బ్రేకు మాత్రమే తెలిసిన కాలికి ఈ బ్రేకు కొత్త. పదేపదే తొక్కితే గాలి ఖర్చవుతుందన్న సంగతి కూడా తెలియదు.

(ఇ) ఘాట్ రోడ్లు: దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే నల్లమల దారిలోనో, మారేడుమిల్లి ఘాట్‌లోనో లోడుతో దిగేటప్పుడు బ్రేకునే నమ్ముకుంటే బ్రేకు డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలుతుంది. దిగుడు మొదలవకముందే తక్కువ గేరులోకి మారి, ఇంజను పట్టుతో బండిని దింపాలి. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగటం ప్రాణాంతకం.

(ఈ) మలుపులు, కనిపించని చోట్లు: పొడవైన వాహనం మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, మలుపు లోపలి వైపుకు జరుగుతాయి. ఎడమ పక్కన క్యాబిన్‌కు ఆనుకొని ఉన్న చోటు, బండికి సరిగ్గా వెనుక ఉన్న చోటు డ్రైవరుకు కనిపించవు. పట్టణాల్లో ద్విచక్ర వాహనదారులు ఎక్కువగా చిక్కుకుపోయేది ఈ చోట్లలోనే.

ఈ నాలుగింటినీ పుస్తకం చదివి అర్థం చేసుకోవచ్చు. అలవాటు మాత్రం స్టీరింగు ముందు కూర్చుంటేనే వస్తుంది.

7.4 డ్రైవింగ్ స్కూలుకు చట్టం విధించిన షరతులు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 12 డ్రైవింగ్ స్కూళ్ళ నియంత్రణకు వీలు కల్పించింది. కేంద్ర నియమాల్లో 24 నుంచి 31 వరకు ఉన్న నియమాలు వాటి వివరాలను తెలుపుతాయి. అభ్యర్థికి ఉపయోగపడే అంశాలు ఇవి.

7.4.1 అనుమతి పత్రం

ప్రతి డ్రైవింగ్ స్కూలుకూ రవాణా శాఖ ఇచ్చిన అనుమతి పత్రం ఉండాలి. ఇది ఫారం 11లో ఉంటుంది, ఐదేళ్ళు చెల్లుతుంది. అసలు పత్రాన్ని అందరికీ కనిపించే చోట గోడకు తగిలించాలి. బోధకుల పేర్లు, చిరునామాలు కూడా ప్రదర్శించాలి. పత్రం మీద స్కూలు పేరు, చిరునామా, గడువు తేదీతోపాటు ఏయే తరగతుల వాహనాల్లో శిక్షణకు అనుమతి ఉందో చూడండి. కారు శిక్షణకు మాత్రమే అనుమతి ఉన్న స్కూలు భారీ వాహన శిక్షణ ఇస్తానంటే నమ్మకూడదు.

7.4.2 బోధకుడు

బోధకుడు కనీసం పదో తరగతి ఉత్తీర్ణుడై ఉండాలి. ఐదేళ్ళ డ్రైవింగ్ అనుభవం ఉండాలి. దీనికి తోడు మోటారు మెకానిక్ కోర్సులో ధ్రువపత్రం గాని, మెకానికల్ ఇంజనీరింగులో అంతకు మించిన అర్హత గాని ఉండాలి. వాహన భాగాలను చూపి అవి ఎలా పనిచేస్తాయో వివరించగలగాలి. అంటే, ఎన్నేళ్ళు లారీ తోలినా నేర్పించే నేర్పు లేనివారు మంచి బోధకులు కాలేరు.

7.4.3 వాహనం, సామగ్రి

శిక్షణ వాహనాలను శిక్షణకే కేటాయించాలి. వాటిలో బోధకుడి వైపు కూడా నియంత్రణ ఏర్పాటు ఉండాలి. దీన్నే డ్యుయల్ కంట్రోల్ అంటారు. అభ్యర్థి తడబడినప్పుడు బోధకుడు బండిని ఆపగలిగేది దీనివల్లనే. తరగతి గది, ట్రాఫిక్ గుర్తుల చార్టులు, ఇంజను, గేరుబాక్సు, బ్రేకు భాగాల చార్టులు, జాకీ, పంక్చరు సామగ్రి, టైరులో గాలి కొలిచే గేజి, స్పానర్లు, ప్రథమ చికిత్స పెట్టె – ఇవన్నీ ఉండాలని నియమాలు చెబుతున్నాయి.

7.4.4 పాఠ్యప్రణాళిక, శిక్షణ కాలం

నియమం 31 ప్రకారం ట్రాన్స్‌పోర్టు వాహన శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు. అందులో అభ్యర్థి స్వయంగా వాహనం నడిపే సమయం 15 గంటలకు తగ్గకూడదు. కారు వంటి వాహనాలకు ఇవి 21 రోజులు, 10 గంటలు. పాఠ్యాంశాల్లో భారీ వాహన డ్రైవింగ్, ట్రాఫిక్ పరిజ్ఞానం, ప్రజలతో మెలిగే తీరు, అగ్నిప్రమాదాల నివారణ, వాహన నిర్వహణ, ప్రథమ చికిత్స ఉంటాయి.

స్కూలు రెండు రిజిస్టర్లు నిర్వహించాలి. ఫారం 14లో అభ్యర్థుల చేరిక వివరాలు, ఫారం 15లో ప్రతి అభ్యర్థీ నడిపిన గంటలు నమోదు చేయాలి. శిక్షణ పూర్తయ్యాక ఫారం 5 ఇవ్వాలి. వీటిలో ఫారం 15 అభ్యర్థికి అన్నింటికంటే విలువైనది. మీకు స్టీరింగు ఎన్ని గంటలు దక్కిందో చెప్పే ఏకైక లిఖిత ఆధారం అదే. అందులో నమోదైన గంటలు నిజమైతేనే సంతకం చేయండి. నడపని గంటలకు సంతకం చేసినవారు తరువాత ఫిర్యాదు చేయబోతే ఆ సంతకమే వారికి ఎదురవుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
ఫారం 5కూ, ఫారం 15కూ తేడా ఏమిటి?

7.5 స్టీరింగు గంటల లెక్క

"నెల రోజుల కోర్సు, రోజూ క్లాసు ఉంటుంది" అని స్కూలు చెప్పినంత మాత్రాన 15 గంటలు దక్కుతాయని కాదు. ఒకే లారీలో ఎంతమంది అభ్యర్థులను ఎక్కిస్తారు, ఆ లారీ రోజుకు ఎంతసేపు రోడ్డు మీద ఉంటుంది అనే రెండు అంకెలు తెలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. సూత్రం చాలా సులభం:

రోజూ లారీ నడిచే సమయం ÷ అభ్యర్థుల సంఖ్య × శిక్షణ రోజులు = ఒక్కొక్కరికి దక్కే స్టీరింగు సమయం

ఉదాహరణ 1: ఒక స్కూలులో లారీ రోజుకు 2 గంటలు నడుస్తుంది, బ్యాచిలో నలుగురు. ఒక్కొక్కరికి 30 నిమిషాలు. 30 రోజులకు 15 గంటలు. కనీస పరిమితికి సరిగ్గా సరిపోయింది.

ఉదాహరణ 2: అదే స్కూలు నెలలో నాలుగు ఆదివారాలు సెలవు ఇచ్చి, 30వ రోజుతో కోర్సు ముగిస్తే మిగిలేవి 26 రోజులు. 26 అరగంటలు, అంటే 13 గంటలు. రెండు గంటలు తగ్గాయి. వాటిని తరువాత ఇస్తారా అని ముందే అడగాలి.

ఉదాహరణ 3: మరో స్కూలులో లారీ రోజుకు గంటన్నర నడుస్తుంది, బ్యాచిలో ఆరుగురు. ఒక్కొక్కరికి 15 నిమిషాలు. 30 రోజులకు ఏడున్నర గంటలు. చట్టం చెప్పిన దానిలో ఇది సగమే.

ఇతరులు నడుపుతుండగా క్యాబిన్‌లో కూర్చొని చూడటం వల్ల ప్రయోజనం లేదని కాదు. వారి తప్పులు చూసి కొంత నేర్చుకోవచ్చు. కాని ఆ సమయాన్ని మీ స్టీరింగు గంటల్లో కలపకూడదు.

ఇప్పుడు ఫీజులను పోల్చి చూద్దాం. మొదటి స్కూలు ఫీజు రూ. 15,000, మూడో ఉదాహరణలోని స్కూలు ఫీజు రూ. 9,000 అనుకుందాం. పైకి చూస్తే రెండోది చవక. గంటల చొప్పున లెక్కిస్తే మొదటి స్కూలులో గంటకు రూ. 1,000, రెండో స్కూలులో గంటకు రూ. 1,200 పడుతుంది. పైగా రెండో స్కూలులో శిక్షణ సగంలోనే ఆగిపోతుంది. కాబట్టి ఫీజును ఎప్పుడూ మొత్తంగా కాక, స్టీరింగు గంటకు ఎంత అనే లెక్కలో పోల్చాలి. లెర్నర్ లైసెన్సు ఫీజు, పరీక్ష ఫీజు, పరీక్ష రోజు వాహనం అద్దె ఇందులో కలిసి ఉన్నాయో లేదో కూడా రాసి ఇవ్వమని అడగండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 3
ఒక స్కూలులో లారీ రోజుకు 3 గంటలు నడుస్తుంది. బ్యాచిలో ఐదుగురు. శిక్షణ 25 రోజులు. ఒక్కొక్కరికి ఎన్ని గంటలు దక్కుతాయి? ఈ కోర్సు నియమం 31కు అనుగుణంగా ఉందా?

7.6 స్కూలుకు వెళ్ళి పరిశీలించవలసిన అంశాలు

డబ్బు కట్టకముందే కనీసం రెండు మూడు స్కూళ్ళను స్వయంగా చూడండి. శిక్షణ జరిగే వేళకు, అంటే సాధారణంగా ఉదయం పూట, వెళ్ళటం మంచిది. కింది అంశాలను ఒక కాగితం మీద రాసుకొని వెళ్ళండి.

1. గోడ మీద అనుమతి పత్రం ఉందా? గడువు ఉందా? భారీ వాహనాలకు వర్తిస్తుందా? అనుమానం ఉంటే ప్రాంతీయ రవాణా కార్యాలయంలో విచారించండి.
2. శిక్షణ లారీ లేదా బస్సు అక్కడ ఉందా? దాని ఫిట్‌నెస్, బీమా అమల్లో ఉన్నాయా? టైర్లు అరిగిపోయి ఉన్నాయా?
3. డ్యుయల్ కంట్రోల్ ఉందా? బోధకుడిని ఒకసారి చూపించమనండి.
4. లారీ నేర్పే బోధకుడు ఎవరు? ఆయనతో ఐదు నిమిషాలు మాట్లాడండి. "ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో దిగాలి, ఎందుకు?" అని అడగండి. ఓపికగా వివరిస్తే మంచి గుర్తు. "అవన్నీ బండి ఎక్కాక తెలుస్తాయిలే" అంటే ఆలోచించుకోవాలి.
5. బ్యాచిలో ఎంతమంది? బండి రోజుకు ఎంతసేపు నడుస్తుంది? 7.5లోని సూత్రంతో అక్కడికక్కడే లెక్కకట్టండి.
6. ఎక్కడ నడిపిస్తారు? ఖాళీ మైదానంలో మాత్రమే అయితే చాలదు. ఊళ్ళో రద్దీ రోడ్డు, జాతీయ రహదారి, ఎత్తుపల్లాల దారి – మూడూ ఉండాలి. చీకటి పడ్డాక నడిపించే ఏర్పాటు ఉంటే మరీ మంచిది.
7. రివర్సు, ఇరుకు చోట పార్కింగు, ఎత్తులో ఆపి మళ్ళీ కదిలించటం ఎన్ని రోజులు నేర్పుతారు?
8. బయలుదేరే ముందు టైర్లు, ఆయిలు, నీళ్ళు, గాలి ఒత్తిడి, లైట్లు పరిశీలించే పని అభ్యర్థుల చేత చేయిస్తారా?
9. ఇటీవల అక్కడ నేర్చుకున్నవారు ఇద్దరితో మాట్లాడండి. "లైసెన్సు వచ్చిందా?" అని కాక "మీ చేతికి బండి ఎన్ని గంటలు ఇచ్చారు?" అని అడగండి.

మహిళా అభ్యర్థులు మరికొన్ని విషయాలు కూడా తెలుసుకోవాలి. సీటు, అద్దాలు తమ ఎత్తుకు తగినట్టు సర్దుకునే వీలుందా, తెల్లవారుజామున బ్యాచి ఉంటే రాకపోకలకు ఇబ్బంది లేదా అని చూసుకోవాలి. భారీ వాహనం స్త్రీలకు కుదరదనే మాటను పట్టించుకోనక్కరలేదు. ఢిల్లీ రవాణా సంస్థలో 2015లో తొలి మహిళా బస్సు డ్రైవరుగా చేరిన వాంకుడోత్ సరిత తెలంగాణకు చెందినవారే.

7.7 శిక్షణ సంస్థల రకాలు

మన రాష్ట్రాల్లో భారీ వాహన శిక్షణ ప్రధానంగా మూడు రకాల సంస్థల్లో లభిస్తుంది.

(అ) ప్రైవేటు డ్రైవింగ్ స్కూళ్ళు: ఇవి దాదాపు ప్రతి పట్టణంలోనూ ఉంటాయి. ఇంటికి దగ్గర, వేళలు అనుకూలం. నాణ్యత మాత్రం ఒక స్కూలుకూ మరొక స్కూలుకూ చాలా తేడాగా ఉంటుంది. 7.6లోని పరిశీలన ముఖ్యంగా వీటికోసమే.

(ఆ) ప్రభుత్వరంగ, పెద్ద కంపెనీల భాగస్వామ్య కేంద్రాలు: ఆర్టీసీలకు డ్రైవర్ల శిక్షణలో దీర్ఘకాల అనుభవం ఉంది. ప్రకాశం జిల్లా దర్శిలో, రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో డ్రైవరు శిక్షణ సంస్థలు ఏర్పాటయ్యాయి. ఇటువంటి చోట్ల టెస్టు ట్రాకు వంటి సౌకర్యాలకు అవకాశం ఎక్కువ. దూరంగా ఉండటం వల్ల వసతి, భోజనం ఖర్చులను ఫీజుతో కలిపి లెక్కించుకోవాలి.

(ఇ) గుర్తింపు పొందిన డ్రైవరు శిక్షణ కేంద్రాలు: కేంద్ర ప్రభుత్వం 2021 జూన్‌లో ప్రకటించిన నియమాలు ఆ ఏడాది జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. భారీ వాహన శిక్షణ ఇచ్చే కేంద్రానికి కనీసం రెండెకరాల స్థలం, సిమ్యులేటరు, ప్రత్యేకమైన టెస్టు ట్రాకు ఉండాలి. భారీ వాహన కోర్సు 38 గంటలు. దాన్ని ఆరు వారాల్లో పూర్తిచేయాలి. ఈ కేంద్రంలో పరీక్ష నెగ్గినవారికి రవాణా కార్యాలయంలో డ్రైవింగ్ పరీక్ష నుంచి మినహాయింపు ఉంటుంది. కాబట్టి ఏదైనా స్కూలు "మా దగ్గర నేర్చుకుంటే టెస్టు అక్కరలేదు" అంటే, ఈ గుర్తింపు పత్రాన్ని చూపమని అడగాలి. మామూలు డ్రైవింగ్ స్కూలుకు ఆ సౌలభ్యం లేదు.

సిమ్యులేటరు అంటే తెర ముందు కూర్చొని బండి నడిపినట్టు సాధన చేసే యంత్రం. గేర్లు, మలుపులు, వాన, చీకటి వంటి పరిస్థితులను ప్రమాదం లేకుండా నేర్చుకోవటానికి ఇది పనికివస్తుంది. రోడ్డు మీద లారీ నడిపిన అనుభవానికి ఇది తోడు మాత్రమే.

7.8 మోసాలు – వినియోగదారుడి రక్షణ

డ్రైవింగ్ శిక్షణలో సాధారణంగా మూడు రకాల మోసాలు కనిపిస్తాయి. మొదటిది, లైసెన్సు గ్యారంటీ అని చెప్పి డబ్బు తీసుకోవటం. నియమాలకు విరుద్ధంగా లైసెన్సు ఇప్పిస్తామని నమ్మించటాన్ని కేంద్ర నియమాలు నిషేధించాయి. రెండోది, శిక్షణ ఇవ్వకుండానే ఫారం 5 ఇచ్చివేయటం. మూడోది, ఫీజు మొత్తం ముందే తీసుకొని, ఆ తరువాత బండి పాడైందని, బోధకుడు రాలేదని రోజులు గడపటం.

రెండో మోసంలో అభ్యర్థి కూడా భాగస్వామి అయ్యే ప్రమాదం ఉంది. శ్రమ తప్పిందని సంతోషించి కాగితం తీసుకున్నవారు, ఆ తరువాత నిజంగా లోడు బండి ఎక్కవలసి వస్తుంది. నిర్లక్ష్యంగా వాహనం నడిపి ఒకరి మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆ కేసులో నిందితుడయ్యేది డ్రైవరు. దొంగ కాగితం ఇచ్చిన స్కూలు పేరు ఆ సమయంలో ఎవరికీ గుర్తుండదు. అన్నింటికీ మించి, పోయిన ప్రాణం ఏ శిక్షతోనూ తిరిగిరాదు.

ఈ జాగ్రత్తలు తీసుకోండి:
• ఫీజును విడతలుగా కట్టే ఏర్పాటు కోరండి. ప్రతి విడతకూ స్కూలు పేరుతో ఉన్న రసీదు తీసుకోండి.
• శిక్షణ రోజులు, స్టీరింగు గంటలు, బ్యాచి సంఖ్య రసీదు మీద గాని, వేరే కాగితం మీద గాని రాయించుకోండి.
• రోజూ ఎంతసేపు నడిపారో సొంతంగా ఒక చిన్న పుస్తకంలో తేదీలవారీగా రాసుకోండి. ఫారం 15తో దాన్ని పోల్చుకోండి.

మాట తప్పిన స్కూలుపై అనుమతి ఇచ్చిన రవాణా శాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు తీసుకొని అందించే సేవలో లోపం కాబట్టి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌నూ ఆశ్రయించవచ్చు. చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్ళలోపు చేయాలి. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

7.9 లైసెన్సు వచ్చిన తరువాత

ట్రాన్స్‌పోర్టు వాహన లైసెన్సు ఐదేళ్ళు చెల్లుతుంది. పెట్రోలు, గ్యాసు, రసాయనాల ట్యాంకర్ల వంటి ప్రమాదకర సరుకు వాహనాలకు ప్రత్యేక శిక్షణ పొంది, లైసెన్సుపై అదనపు అనుమతి తీసుకోవాలి.

స్కూలులో నేర్చుకునేది ఎక్కువగా ఖాళీ బండి మీదే. లోడుతో బండి తీరు వేరు. కట్టు సరిగా లేని సరుకు మలుపులో ఒక పక్కకు ఒరుగుతుంది. ట్యాంకరులో సగం నిండిన ద్రవం బ్రేకు వేసినప్పుడు ముందుకు ఊగి బండిని తోస్తుంది. ఎత్తుగా గడ్డి వేసిన లారీ గాలికి ఊగుతుంది. అందువల్ల మొదటి కొన్ని నెలలు అనుభవం ఉన్న డ్రైవరు పక్కన రెండో డ్రైవరుగా పనిచేయటం మంచిది. చేరినరోజే దూర ప్రయాణానికి ఒంటరిగా పంపే యజమాని కంటే, మొదట జోడీగా పంపే యజమాని దగ్గర జీతం కొంచెం తక్కువైనా నష్టం లేదు.

7.10 సారాంశం

మొత్తం బరువు 7,500 కిలోలు మించిన సరుకు వాహనాలకు ట్రాన్స్‌పోర్టు వాహన లైసెన్సు అవసరం. ఇందుకు 20 సంవత్సరాల వయస్సు, తేలికపాటి వాహన లైసెన్సు పొంది ఒక సంవత్సరం, వైద్య ధ్రువపత్రం, ఫారం 5 ఉండాలి. ఆగే దూరం, గాలి బ్రేకులు, ఘాట్ దిగుడు, కనిపించని చోట్లు – వీటివల్ల లారీ శిక్షణ కారు శిక్షణకు భిన్నమైనది. చట్టం ప్రకారం శిక్షణ 30 రోజులకు, స్వయంగా నడిపే సమయం 15 గంటలకు తగ్గకూడదు. ఫీజును స్టీరింగు గంట చొప్పున పోల్చాలి. అనుమతి పత్రం, బోధకుడు, డ్యుయల్ కంట్రోల్, బ్యాచి సంఖ్య, ఫారం 15 – ఈ ఐదింటినీ డబ్బు కట్టకముందే పరిశీలించాలి. లోపం జరిగితే రవాణా శాఖను, వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

7.11 కీలక పదాలు

ట్రాన్స్‌పోర్టు వాహనం: సరుకు లేదా ప్రయాణికుల రవాణాకు వృత్తిపరంగా వాడే వాహనం.
లెర్నర్ లైసెన్సు: వాహనం నేర్చుకోవటానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి.
డ్యుయల్ కంట్రోల్: శిక్షణ వాహనంలో బోధకుడి వైపు కూడా ఉండే నియంత్రణ ఏర్పాటు.
ఫారం 5: శిక్షణ పూర్తయినట్టు స్కూలు ఇచ్చే ధ్రువపత్రం.
ఫారం 15: అభ్యర్థి నడిపిన గంటలను నమోదు చేసే రిజిస్టరు.
సిమ్యులేటరు: వాహనం నడిపిన అనుభవాన్ని తెర మీద కల్పించే సాధన యంత్రం.

7.12 మీ ప్రగతిని సమీక్షించుకోండి – నమూనా సమాధానాలు

1. కారు లైసెన్సు వచ్చి ఏడాది గడిచేసరికి అతనికి 19 సంవత్సరాల 6 నెలలు. అప్పటికి 20 సంవత్సరాలు నిండవు. కనుక 20 నిండిన తరువాతే అర్హుడవుతాడు.

2. ఫారం 5 శిక్షణ పూర్తయినట్టు తెలిపే ధ్రువపత్రం. లైసెన్సు దరఖాస్తుకు జతచేస్తారు. ఫారం 15 స్కూలు నిర్వహించే రిజిస్టరు. అభ్యర్థి స్వయంగా నడిపిన గంటలను తెలుపుతుంది.

3. 3 గంటలు అంటే 180 నిమిషాలు. ఐదుగురికి పంచితే ఒక్కొక్కరికి 36 నిమిషాలు. 25 రోజులకు 900 నిమిషాలు, అంటే 15 గంటలు. గంటల పరిమితి సరిపోయింది. కాని శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు కనుక కోర్సు నియమం 31కు పూర్తిగా అనుగుణంగా లేదు.

7.13 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డ్రైవింగ్ స్కూలుకు చట్టం విధించిన ప్రధాన షరతులను వివరించండి.
2. మీ ప్రాంతంలోని రెండు డ్రైవింగ్ స్కూళ్ళను సందర్శించి, స్టీరింగు గంటలు, ఫీజు, బోధకుడి అర్హతల ఆధారంగా పోల్చి ఒక నివేదిక రాయండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కారు డ్రైవింగ్ వచ్చినవారికి లారీ శిక్షణ ఎందుకు అవసరం?
2. గుర్తింపు పొందిన డ్రైవరు శిక్షణ కేంద్రానికీ, మామూలు డ్రైవింగ్ స్కూలుకూ భేదాలు తెలపండి.
3. శిక్షణ లోపం జరిగినప్పుడు అభ్యర్థికి అందుబాటులో ఉన్న పరిష్కార మార్గాలేవి?